మనం తోసిన కారు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మన సంఘం కార్యదర్శిగారు పోయిన నెల ఫోన్ చేసి, "నువ్వు మాస్టారి కారు బాగుచేశావు కదా, దాని గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు. కానీ మరీ ఇంజనీరులా మాట్లాడకురా బాబూ" అన్నారు. సరేనన్నాను. ప్రయత్నిస్తాను. ఎక్కడైనా పానా పట్టుకుని లోపలికి దిగిపోతే వెనకనుంచి చప్పట్లు కొట్టండి, ఆపేస్తాను.

1976 నుంచి 1996 దాకా ఈ బడిలో చదివినవాళ్ళకి నేను ఏ కారు గురించి చెబుతున్నానో చెప్పక్కర్లేదు. మన లెక్కల మాస్టారి ఫియట్. మీగడ రంగు, వెనక రెండు చిన్న రెక్కలు, స్టీరింగు పక్కనే గేరు. పొద్దున వచ్చి చింతచెట్టు కింద ఆగేది. సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక దానంతట అది కదిలేది కాదు. సెల్ఫ్ కొడితే ఓ మూలుగు మూలిగి ఊరుకునేది. అప్పుడు మనం తోయాలి. చెట్టు దగ్గర నుంచి గేటు దాకా నేల కాస్త వాలు. అక్కడిదాకా తోస్తే మాస్టారు సెకండ్ గేరులో క్లచ్ వదిలేవారు. ఒక్క కుదుపు, నల్లటి పొగ, మన తెల్ల చొక్కాల మీద మసి.

ఎవరు తోయాలన్నదానికి ఒక పద్ధతి ఉండేది. ఆ నెల లెక్కల పరీక్షలో అందరికన్నా తక్కువ వచ్చిన ఆరుగురు. ఆడపిల్లలు మా పుస్తకాల సంచులు పట్టుకునేవాళ్ళు. నాది 1985 పదో తరగతి బ్యాచి. ఎనిమిదిలో నేను తోయని నెల లేదు. ఇప్పుడు నన్ను ఇంజనీరుగారూ అంటున్నారు కాబట్టి ఈ సంగతి నా నోటితోనే చెప్పేస్తే మంచిదని చెబుతున్నాను. నా బ్యాచివాళ్ళు ఎలాగూ చెబుతారు.

ఆ కారు మాస్టారు కొత్తగా కొన్నది కాదు. అది 1968 మోడల్, ఫియట్ 1100 డిలైట్. మన ఊరి డాక్టరుగారు వాడిందే, మాస్టారు 1976లో కొన్నారు. ఆ రోజుల్లో దేశంలో కారు అంటే ఎక్కువగా రెండే, అంబాసిడర్ లేదా ఫియట్. ఈ 1100 డిలైట్‌ని 1964 నుంచి బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు చేసేవారు. 1089 సీసీ ఇంజను, నాలుగు గేర్లు, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. తరవాత 1974 నుంచి అదే కారు, పైన కొద్ది మార్పులతో, ప్రీమియర్ పద్మిని అయింది. పద్మిని అంటే చిత్తోడ్ రాణి పద్మిని. బొంబాయిలో నలుపూ పసుపూ టాక్సీలుగా తిరిగినవి అవే. అక్కడ ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది.

ఈ కారు గురించి నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ప్రధానమంత్రిగా ఉండగా లాల్ బహదూర్ శాస్త్రిగారు కొనుక్కున్నది ఈ ఫియటే. ధర 12,000 రూపాయలు. చేతిలో అంత లేక పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 అప్పు చేశారు. ఆ అప్పు తీరకముందే ఆయన తాష్కెంట్‌లో పోయారు. మిగిలింది లలితా శాస్త్రిగారు పెన్షన్‌లోంచి కట్టారు. ఆ కారు ఢిల్లీలో ఆయన స్మారకంలో ఇప్పటికీ ఉంది. అంటే ఈ కారుకీ చేతిలో డబ్బు లేకపోవడానికీ మొదటినుంచీ ఏదో చుట్టరికం ఉందన్నమాట.

ఇంక నా సంగతి. 2021లో, కరోనా కాస్త తగ్గాక, మాస్టారిని చూడటానికి వెళ్ళాను. ఆయనకప్పుడు 83. చూపు బాగా తగ్గింది. మాటల మధ్యలో, "కారు పాత ఇనుము కొట్టువాడికి ఇచ్చేస్తున్నానురా, 18,000 ఇస్తానన్నాడు" అన్నారు. వెనక పాకలోకి వెళ్ళి చూశాను. 2010లో ఆపిన కారు. పదకొండేళ్ళు. నాలుగు టైర్లూ నేలకి అతుక్కుపోయి ఉన్నాయి. ముందు సీట్లో కోడి పొదుగుతోంది. బాయ్‌నెట్ ఎత్తితే ఎయిర్ ఫిల్టర్ మీద ఎలుక గూడు. డ్రైవరు పక్క నేల తుప్పుపట్టి అరచెయ్యంత కన్నం పడింది, అందులోంచి గడ్డి మొలిచింది.

"నేను తీసుకుంటాను మాస్టారూ" అన్నాను. ఎందుకన్నానో అప్పుడు తెలియదు. "తీసుకో. కానీ ఆ 18,000 నువ్వూ ఇవ్వు. ఊరికే ఇచ్చానన్న మాట నాకొద్దు, ఊరికే తెచ్చుకున్నానన్న మాట నీకొద్దు" అన్నారు.

డీసీఎం వ్యానులో ఎక్కించి బెజవాడలో మా ఇంటి పోర్టికోలో దింపించాను. మా ఆవిడ బయటికొచ్చి చూసింది. చాలాసేపు చూసింది. "ఏవండీ, ఇది కారా?" అంది.

హైదరాబాదులో పాత కార్లు బాగుచేసే ఒకాయన ఫోటోలు చూసి ఆరు లక్షలవుతుందన్నాడు. మా అమ్మాయి చదువుకి తీసుకున్న అప్పు అప్పుడే మొదలైంది. "ఈ ఇంట్లో ఒక అప్పు చాలు. లక్షన్నర దాటితే ఆ కారు నేనే పాత ఇనుముకి వేస్తాను" అని మా ఆవిడ తేల్చిచెప్పి ఒక నోటుబుక్కు తెరిచింది. ప్రతి రూపాయీ అందులో రాయాలి. నేను ఒక కర్మాగారంలో ముప్ఫయ్యేళ్ళుగా మెయింటెనెన్స్ చూస్తున్నాను, కోట్ల రూపాయల బడ్జెట్లకి సంతకాలు పెట్టాను. ఏ ఆడిటరుకీ ఆ నోటుబుక్కుకి భయపడినంత భయపడలేదు.

ఇక్కడ నాలాగా పాత కారు మీదో, తాతగారి స్కూటరు మీదో కన్నేసినవాళ్ళు ఉంటే, వాళ్ళ కోసం కాస్త వివరంగా చెబుతాను. మిగతావాళ్ళు ఓపిక పట్టండి.

ఏళ్ళ తరబడి ఆగిన ఇంజనుకి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టకూడదు. లోపల రింగులు సిలిండరు గోడలకి తుప్పుతో పట్టుకుని ఉంటాయి. బలవంతాన తిప్పితే రింగు విరుగుతుంది, గోడ గీసుకుపోతుంది, వెయ్యితో పోయేది అరవై వేలవుతుంది. ప్లగ్గులు నాలుగూ విప్పి, సగం డీజిలు సగం ఇంజనాయిలు కలిపి ఒక్కో కన్నంలో రెండు చెంచాలు పోసి వదిలేశాను. రోజూ ఆఫీసు నుంచి వచ్చి కాసిని పోయడం, కారుని టాప్ గేరులో పెట్టి భుజంతో ముందుకీ వెనక్కీ ఊపడం. పద్దెనిమిదో రోజు రాత్రి చిన్న చప్పుడుతో కదిలింది. ఆ పద్దెనిమిది రోజులకీ అయిన ఖర్చు 240 రూపాయలు. చేతిలో డబ్బు లేనివాడి దగ్గర ఉండే సరుకు వ్యవధి ఒక్కటే. దాన్ని వాడుకోవాలి.

పెట్రోలు ట్యాంకు విప్పితే అడుగున జిగురులాంటిది, తారు వాసన. పాత పెట్రోలు అలాగే చిక్కబడుతుంది. గుప్పెడు చిన్న గులకరాళ్ళూ సబ్బునీళ్ళూ పోసి, మా అబ్బాయీ నేనూ చెరో చివర పట్టుకుని ఆదివారమంతా ఊపాం. వాడికి అప్పుడు పద్నాలుగేళ్ళు. మొదటి గంట సరదాగా ఊపాడు.

వైరింగు గురించి నేను చాలా భయపడ్డాను కానీ, అందులో ముప్పాతిక రోగాలు ఎర్తువే. ఇనుము మీద తుప్పు, తుప్పు మీద రంగు, రంగు మీద వైరు బిగిస్తే కరెంటు ఎక్కడికి పోతుంది? ఒక గరుకు కాగితం తీసుకుని ప్రతి ఎర్తు పాయింటూ మెరిసేదాకా రుద్దాను. హెడ్‌లైట్లు వెలిగాయి, వైపరు కదిలింది. హారన్ కూడా మోగింది, అది మళ్ళీ ఆగలేదు. వీధిలో అందరికీ కారు సంగతి ఆ రోజే తెలిసింది.

ఇంజను పై భాగం మాత్రమే విప్పాను. రీబోరు చేయించమని అందరూ అన్నారు. కొలిచి చూస్తే బోరు అంత అరగలేదు. వాల్వులు పేస్టు పూసి చేత్తో రుద్దుకుని కూర్చోబెట్టాను. కొత్త రింగులు, కొత్త గ్యాస్కెట్టు. విడిభాగాలకి మన ఆటోనగరే దిక్కు. బెజవాడ ఆటోనగర్ తెలియనివాళ్ళు ఉండరు, లారీలకీ బస్సులకీ అది పుట్టిల్లు. ఫియట్ సామాను దొరికేది మాత్రం రెండు మూడు కొట్లలోనే. అక్కడ కుర్ర మెకానిక్‌లు కారుని చూసి నవ్వారు. డెబ్భై దాటిన ఒక మేస్త్రీ ఒక్కడే నవ్వలేదు. నా చేతిలో ఉన్న కార్బురేటర్ తీసుకుని, మూత విప్పకుండానే చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "ఫ్లోటు చిల్లు పడింది సార్, లోపల పెట్రోలుంది" అన్నాడు. విప్పితే అంతే. చిల్లుకి మాటు వేసి యాభై రూపాయలు తీసుకున్నాడు.

పద్మిని సామాను చాలామటుకు దీనికి సరిపోతుంది. బొంబాయిలో టాక్సీలు కండెమ్ అయ్యేకొద్దీ వాటి సామాను దేశమంతా వచ్చింది. అదొక అదృష్టం. కొత్తగా డబ్బాలో వచ్చేదంతా మంచిదని మాత్రం అనుకోకండి. కొత్త కండెన్సరు వేస్తే మూడో రోజే పోయింది. పాతది, 1990ల నాటిది, ఇప్పటికీ పనిచేస్తోంది.

"దీంట్లో కొత్త కారు ఇంజను పెట్టేయండి సార్, ఏసీ కూడా వస్తుంది" అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఎవరి ఇష్టం వాళ్ళది. నాకైతే అది తాతగారి ఫోటోలో మన మొహం అతికించుకున్నట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను. నిజానికి ఇది చెప్పడానికే ఒప్పుకున్నాను ఈ ప్రసంగానికి.

2022 డిసెంబరులో మాస్టారి పుట్టినరోజు. ఆ రోజుకి కారు ఆయన గుమ్మంలో ఉండాలని నాలో నేనే ఒక ముహూర్తం పెట్టుకున్నాను. టింకరింగ్‌కి 31,000 అయింది. కుళ్ళిన నేల కోసి కొత్త రేకు వెల్డింగు చేయించాను, అది న్యాయమైన ఖర్చే. కొందరు కన్నం మీద లప్పం పెట్టి పైన రంగు కొడతారు, రెండు వానాకాలాలు పోతే మళ్ళీ గడ్డి మొలుస్తుంది. ఆ తరవాత, వరసగా చేయాల్సినవి వదిలేసి, నేరుగా రంగుకి వెళ్ళాను. అదే మీగడ రంగు, అదే మెరుపు కావాలని మూడు సార్లు కొట్టించాను. 48,000. నోటుబుక్కులో రాస్తుంటే మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమెకీ నచ్చింది. వీధిలో వాళ్ళు ఆగి ఆగి చూస్తుంటే ఎవరికి నచ్చదు?

లక్షన్నరలో మిగిలింది కొంచెమే. బ్రేకుల దగ్గరికొచ్చాను. మాస్టర్ సిలిండరు కిట్టు మార్చాను. చక్రాల దగ్గర కప్పులు మార్చాను. ఆయిలు కొత్తది పోసి ఎయిర్ తీశాను. ఇనప పైపుల నుంచి చక్రాలకి వెళ్ళే రబ్బరు గొట్టాలు మూడుంటాయి, ముందు రెండు, వెనక ఒకటి. వంచి చూశాను. పగుళ్ళు లేవు. తుడిస్తే నల్లగా నిగనిగలాడాయి. మూడూ కలిపి వెయ్యి రూపాయలు. ఆటోనగర్‌లో లేవు, తెప్పించాలంటే వారం పడుతుంది. వారం ఆగితే పుట్టినరోజు దాటిపోతుంది. వదిలేశాను.

రోజూ ఫ్యాక్టరీలో కుర్ర ఇంజనీర్లకి నేను చెప్పే మాట, పైకి బాగున్నది లోపల బాగున్నట్టు కాదు అని. అదే నేను.

ఆ రోజు మధ్యాహ్నం మా ఆవిడా నేనూ బెజవాడ నుంచి బయల్దేరాం. నలభై కిలోమీటర్లు. కారు ఎంత బాగా నడిచిందో చెప్పలేను. దారిలో ఇద్దరు ముసలివాళ్ళు చెయ్యెత్తి దండం పెట్టారు. నాలుగున్నరకి మన ఊరి కాలవ వంతెన ఎక్కాం. ఆ వంతెన దిగుడు మీకందరికీ తెలుసు. దిగుడు చివర మన బడి గేటు.

నాలుగున్నర. లాంగ్ బెల్ కొట్టే వేళ.

వంతెన మీద నుంచి పిల్లల్ని చూశాను. రోడ్డు నిండా సైకిళ్ళు, నీలం గౌన్లు, తెల్ల చొక్కాలు. బ్రేకు మీద కాలేశాను. మామూలుగానే పట్టింది. ఇంకాస్త గట్టిగా నొక్కాను. కాలి కింద ఏదో మెత్తబడ్డట్టు అనిపించింది, అంతే, పెడలు నేలకి అంటుకుపోయింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ కొట్టాను. ఏమీ లేదు. ఆ కాలం కార్లలో బ్రేకులకి ఒకటే లైను. ఇప్పటి కార్లలోలా రెండు వేరు వేరు లైన్లు ఉండవు. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాలూ పోతాయి. సెకండ్ గేరులోకి లాగాను, ఇంజను అరిచింది. హ్యాండ్ బ్రేకు గుంజాను. దాన్ని కూడా సరిగ్గా బిగించలేదు, సగం పట్టింది. ఎడమవైపు ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోసుకున్న ఇసక కుప్ప ఉంది. దాంట్లోకి తిప్పేశాను.

ఎడమ మడ్‌గార్డు నొక్కుకుపోయింది, హెడ్‌లైటు పగిలింది. మా ఆవిడ మోకాలికి దెబ్బ తగిలింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. ఇసక కుప్పకి పది గజాల అవతల సైకిలు పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది, ఏడో ఎనిమిదో చదువుతుంటుంది. నన్నే చూస్తోంది. "అంకుల్, హారన్ కొట్టొచ్చు కదా" అంది.

నిజమే. హారన్ కొట్టాలని నాకు తోచనే లేదు.

ఆ రాత్రుళ్ళు ఎలా గడిచాయో చెప్పను. ఆ ఇసక కుప్ప ఇంటి యజమాని ఈ సభలోనే ఉన్నారు, ఆయనకి నేను మళ్ళీ ఒకసారి దండం పెడుతున్నాను.

అక్కడి నుంచి మాస్టారింటికి నడిచి వెళ్ళాం. చెప్పకుండా దాచేద్దామని ఒక్క క్షణం అనుకున్నాను. మా ఆవిడ కుంటుతూ నడుస్తోంది, ఇంక దాచేదేముంది? అంతా చెప్పాను. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు.

"గొట్టాలు మార్చావా?"

"బయటికి బాగానే ఉన్నాయండి."

"లోపల?"

నేను మాట్లాడలేదు.

"పాస్కల్ సూత్రం చెప్పు."

నాకప్పుడు 52 ఏళ్ళు. పక్కన మా ఆవిడ. లేచి నిలబడ్డాను, ఎవరూ చెప్పకుండానే లేచాను. "మూసి ఉంచిన ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే, అది అన్ని దిక్కులకీ సమానంగా వ్యాపిస్తుందండి."

"దేంతో మొదలెట్టావు?"

"మూసి ఉంచిన ద్రవం..."

"ఆ మూసి ఉంచేదేదిరా?"

ఈ బడిలో తొమ్మిదో తరగతి చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సైన్సు మాస్టారు సెలవు పెడితే ఈయనే వచ్చి ఆ పాఠం చెప్పేవారు. ఒక చిన్న సిరంజి, ఒక పెద్ద సిరంజి, మధ్యలో సెలైన్ గొట్టం, లోపల ఎర్రసిరా కలిపిన నీళ్ళు. చిన్నదాన్ని వేలితో నొక్కితే పెద్దది పుస్తకాల దొంతర ఎత్తేది. తరవాత గొట్టంలో ఒక గాలి బుడగ ఎక్కించి మళ్ళీ నొక్కమనేవారు. నొక్కినా పుస్తకాలు లేచేవి కావు, బుడగ నలిగేది. అప్పుడు మమ్మల్ని చింతచెట్టు కిందికి తీసుకెళ్ళి, కారు వెనక చక్రం జాకీ మీద లేపి, ఒకణ్ణి లోపల కూర్చోబెట్టి పెడలు నొక్కమని, ఇంకొకణ్ణి చక్రం తిప్పమనేవారు. లోపల కూర్చుని నొక్కినవాణ్ణి నేను. నా వేలెడంత బలానికి బయట మా క్లాసు వస్తాదు చక్రం తిప్పలేక కింద పడ్డాడు. జీవితంలో మొదటిసారి ఒక లెక్క నాకు అర్థమైంది ఆ సీట్లోనే. ఇంజనీరింగులోకి వెళ్ళాలన్న బుద్ధి పుట్టిందీ ఆ సీట్లోనే. ఆ సూత్రాన్నే, ఆ కారులోనే, వెయ్యి రూపాయల కోసం మరిచిపోయాను.

తరవాత ఆ గొట్టాన్ని నిలువునా చీల్చి చూశాను. బయట నిగనిగ. లోపలి పొర ఉబ్బి, పొట్టులా రాలుతోంది. ఇవాళ బల్ల మీద పెట్టాను, వెళ్ళేటప్పుడు చూడండి. పిల్లలకి కూడా చూపించండి.

మళ్ళీ మొదలెట్టాను. ఈసారి ముహూర్తాలు లేవు. గొట్టాలు మూడూ కొత్తవి. వీల్ సిలిండర్ల బోరులో తుప్పు గుంటలు కనిపించాయి, లేత్ షాపులో ఇత్తడి స్లీవులు వేయించాను. ఇనప పైపులు కూడా మార్చేశాను. హ్యాండ్ బ్రేకు తీగ కొత్తది. బ్రేకుల మీద మొత్తం 14,600. టైర్ల మీద కూడా కన్నుపడింది. పాతవి ఎవరో ఇచ్చినవి వేశాను, గాట్లు బాగానే ఉన్నాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మీ ఇంటికెళ్ళి మీ కార్లకి కూడా చూసుకోండి. నావి 2009వి. మార్చేశాను. నోటుబుక్కు మూసేనాటికి మొత్తం 1,71,400. లక్షన్నర దాటింది. మా ఆవిడ పాత ఇనుముకి వేయలేదు. "ముందు ఇవి చేసి, రంగు తరవాత కొట్టించుంటే సరిపోయేది" అని మాత్రం అంది. ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉన్న ఇంజనీరుకి అంతకన్నా మంచి రిపోర్టు ఎవరూ రాసివ్వరు. ఎడమ మడ్‌గార్డు సొట్ట తీయించాను కానీ అక్కడ రంగు కాస్త తేడా. మళ్ళీ కొట్టించలేదు.

2023 వేసవిలో కారుని మాస్టారింటికి తీసుకెళ్ళాను. వంతెన దిగుడు మొదటి గేరులో దిగాను. గుమ్మం ముందు ఇంజను ఆపకుండా ఉంచాను. మనవడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అప్పటికి ఆయనకి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. 48,000 రూపాయల రంగు ఆయన చూడనే లేదు. బాయ్‌నెట్ మీద చెయ్యి ఆనించి తల వంచి విన్నారు. చాలాసేపు విన్నారు.

"టాపెట్లు బిగించేశావురా. చప్పుడు బొత్తిగా లేదు."

"చప్పుడు లేకపోతే మంచిదే కదండీ?"

"వేడెక్కాక వాల్వు పొడవవుతుంది. సందు లేకపోతే పూర్తిగా మూసుకోదు, అంచు కాలిపోతుంది. కాస్త టకటకలాడాలి. వదులు చెయ్యి."

ఇంటికెళ్ళి ఫీలర్ గేజ్ పెట్టి చూశాను. నాలుగింటికి సందు తక్కువ. నా చెవికి ఇంజను ఎంత మెత్తగా ఉందో అని మురిసిపోతున్నాను, లోపల ఎగ్జాస్టు వాల్వులు కాలడానికి సిద్ధంగా ఉన్నాయి.

ఇంక నడపడం సంగతి చెప్పి ముగిస్తాను. మూలన పెట్టి అప్పుడప్పుడూ స్టార్ట్ చేసి ఆపేయడం కారుకి మంచిది కాదు. ఆయిలు వేడెక్కకముందే ఆపితే లోపల చెమ్మ పడుతుంది. పదిహేను రోజులకోసారి ఇరవై కిలోమీటర్లు తిప్పుతాను. ముందు చక్రాల కింగ్ పిన్నులకి నేనే గ్రీజు కొడతాను. బ్రేకు ఆయిలు చెమ్మ పీలుస్తుంది, అందుకని బాగున్నా లేకపోయినా రెండేళ్ళకి మార్చేస్తాను. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తోంది కదా, అది పాత రబ్బరుని తింటుంది, నీళ్ళు పీలుస్తుంది. పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ తట్టుకునే రకం వేశాను, ఏడాదికోసారి విప్పి చూస్తాను. రేడియేటరులో బోరునీళ్ళు పోయను.

కాగితాల విషయానికొస్తే, 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారకుండా ఉన్నవాటికి. దరఖాస్తు చేద్దామని చూస్తే, ఆ రిజిస్ట్రేషన్ ఉన్న కారుని రోజువారీ తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటివాటికే. నాకు కావలసింది అది కాదు. మామూలు పద్ధతిలోనే ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్ళకి పొడిగించుకున్నాను. 2022 ఏప్రిల్‌లో ఆ రుసుము 600 నుంచి 5,000 చేశారు. నోటుబుక్కులో అదొక గీత.

మా అబ్బాయి ఇప్పుడు డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడు. ఈ కారు తాళం అడుగుతున్నాడు. సిరంజిలు రెండూ, గొట్టమూ తెచ్చి ముందు బల్ల మీద పెట్టాను. "నాన్నా, నాకు తెలుసు ఇదంతా" అంటున్నాడు. తెలిసే ఉంటుంది. నాకూ తెలుసు.

మాస్టారు ఇవాళ ముందు వరసలో ఉన్నారు. నేను చెప్పినదాంట్లో తప్పులుంటే ఆయన్నే అడగండి, నన్ను అడగకండి. పొద్దున ఆ కారులోనే తీసుకొచ్చాను, చింతచెట్టు ఇప్పుడు లేదు కాబట్టి గోడవార నీడలో పెట్టాను. భోజనాలయ్యాక మళ్ళీ ఇంటికి దింపాలి. బ్యాటరీ బాగానే ఉంది, తోయనక్కర్లేదు. వెనక సీట్లో ముగ్గురికి చోటుంది, వచ్చేవాళ్ళు రావచ్చు. ముందే చెబుతున్నాను, ఏసీ లేదు, వంతెన మీద మొదటి గేరులోనే వెళ్తాను.